అట్ట వేసి ఇవ్వక్కా!

‘పుస్తకాల దుకాణం’ అని బోర్డు మీద రాసి ఉందే గానీ, మాది నిజానికి నోటుబుక్కుల దుకాణం. జూన్ వచ్చిందంటే లాంగ్ నోట్‌బుక్కులు, అట్టలు, జామెట్రీ బాక్సులు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గైడ్లు, పరీక్ష ప్యాడ్లు. మిగతా రోజుల్లో పెన్నులు, జెరాక్సు కాయితాలు. మంథని లాంటి ఊళ్లో ఇల్లు గడిచేది వీటితోనే. కాకపోతే గల్లాపెట్టె వెనకాల, నేను కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక అర ఉంది. దానికి పేరేమీ పెట్టలేదు. మా ఆయన ‘నీ అర’ అంటారు. తెలిసిన ఆడవాళ్లు ‘మన పుస్తకాలు’ అంటారు.

అన్నీ కలిపి నూటయాభైకి మించవు. నవలలు, కథలు, ఆత్మకథలు, ఆరోగ్యం గురించినవి. రాసినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. హైదరాబాదులో ఉన్న చెల్లెళ్లకు ఇదొక లెక్క కాదు. అక్కడ పెద్ద దుకాణాలున్నాయి, చలికాలంలో పుస్తకాల పండుగ ఉంది, ఫోనులో నొక్కితే గుమ్మంలోకి తెచ్చి ఇచ్చేవాళ్లున్నారు. ఫోను మా దగ్గరా ఉందనుకోండి. కానీ తెప్పించుకోవాలంటే ముందు ఆ పుస్తకం ఒకటుందని తెలియాలి కదా! పైగా ఇంటికి పార్సెలు వచ్చిందంటే నలుగురూ చుట్టూ చేరి విప్పుతారు.

అందుకే మా దుకాణంలో “ఎంత?” అన్న మాట కంటే ఎక్కువగా వినిపించేది “అట్ట వేసి ఇవ్వక్కా” అన్న మాట. పిల్లల నోటుబుక్కులకు వేసే ఖాకీ అట్టే వేసిస్తాను. పైన లేబులు కూడా అంటిస్తాను. దాని మీద ఏం రాసుకుంటారో వాళ్లిష్టం. ఒకావిడ ‘పాల లెక్క’ అని రాసుకుంది! పొద్దుపోక నవల చదివితే ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. ఆలోచించడానికి చదువుతోందని తెలిస్తే మాత్రం అందరికీ అనుమానమే.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను... “ఏదన్న మంచి పుస్తకం ఇవ్వక్కా” అని అడిగే మనిషి మనసులో ఏదో తొలుస్తూ ఉంటుంది. అది నోటితో అనలేక పుస్తకం అంటుంది. స్టూలు వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాసేపు మాట్లాడిస్తే గానీ ఏది ఇవ్వాలో నాకు తెలియదు. అందుకే ఇక్కడ ‘చదవాల్సిన పుస్తకాలు’ అని వరస పెట్టి రాయడం లేదు. ఎవరికి ఏది ఇస్తానో, ఎందుకు ఇస్తానో చెబుతాను.

ముందు యద్దనపూడి

చాలామందికి చదువు అలవాటు తప్పి పదేళ్లో, ఇరవయ్యేళ్లో అయి ఉంటుంది. పెళ్లికి ముందు చదివిన చివరి నవల యద్దనపూడి సులోచనారాణిదే అయి ఉంటుంది. ఒకప్పుడు రోజుకింత అని నవలలు అద్దెకిచ్చే దుకాణాలు ఊరూరా ఉండేవి. ‘సెక్రటరీ’, ‘మీనా’, ‘జీవన తరంగాలు’ అట్టలు చిరిగి, మొదటి పేజీలు ఊడిపోయి ఉండేవి. అయినా తీసుకుపోయి రాత్రికి రాత్రే పూర్తి చేసి, ఇంకో రోజు అద్దె పడకుండా తెల్లారగానే తిరిగి ఇచ్చేవాళ్లం. ఆ దుకాణాలు పోయాయి. 2018లో ఆమే వెళ్లిపోయారు. ఆమె నవలల్ని చిన్నచూపు చూసేవాళ్లతో నాకు పడదు. పొయ్యి మీద కూర మాడుతున్నా పేజీ తిప్పించిన రచయిత్రి ఆవిడ. కాబట్టి మళ్లీ చదవడం మొదలుపెట్టేవాళ్లు ఆమెను అడిగితే ఆమెనే ఇస్తాను. రెండో విడతలో రంగనాయకమ్మ గారి ‘జానకి విముక్తి’. లావు పుస్తకమే గానీ మొదలుపెట్టాక కింద పెట్టరు. ఆమె పుస్తకాల ధర చూసి “ఇంతేనా?” అని అడుగుతారు. ఇంతే. అమ్మినవాళ్లకు మిగిలేదేమీ ఉండదు, అది వేరే మాట!

నవల పట్టుకునే తీరిక లేదన్నవాళ్లకు పి. సత్యవతి గారి కథలు. ముఖ్యంగా ‘ఇల్లలకగానే’. ఇల్లు అలుక్కోవడంలో, ముగ్గులు పెట్టుకోవడంలో మునిగి తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ అది. ఎవరినడిగినా అమ్మ అంటారు, భార్య అంటారు, ఫలానా వారి ఆవిడ అంటారు తప్ప పేరు చెప్పరు. ఆ పేరు వెతుక్కుంటూ ఆమె పుట్టింటి దాకా పోతుంది. ఐదారు పేజీల కథ. మా దుకాణంలో బాకీ ఖాతా రాసే పద్ధతి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ‘పోస్టాఫీసు సారు వాళ్లామె’, ‘పదో తరగతి పిల్లగాని తల్లి’... ఊళ్లో అందరూ రాసే తీరే. ఆ కథ చదివిన వారం తర్వాత ఒకావిడ వచ్చి, నూటనలభై రూపాయల బాకీ కట్టేసి, “అక్కా, ఖాతల ఇకనించి నా పేరే రాయి” అంది. పేరు చెప్పింది. పదకొండేళ్లుగా మా దుకాణానికి వస్తున్న మనిషి!

ఆమెకు తర్వాత అబ్బూరి ఛాయాదేవి గారి ‘తన మార్గం’ ఇచ్చాను. దానికి 2005లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. గొంతు పెంచని కథలు. మెత్తగా మొదలుపెట్టి ఎక్కడో చురుక్కుమనిపిస్తారు. కుండీలో పెరిగిన మర్రిచెట్టుతో ఆడపిల్ల పెంపకాన్ని పోల్చిన ‘బోన్సాయ్ బతుకు’ ఆవిడదే. ఆడపిల్లల తల్లులకు నేనిచ్చే మొదటి కథ అది.

సీతమ్మను ఏమన్నా అన్నరా?

మంథని పాత ఊరు. మంత్రకూటమనే పేరే మంథని అయిందని పెద్దలు చెబుతారు. గోదావరి ఒడ్డు, గౌతమేశ్వరుడి గుడి, తరతరాలుగా వేదం చదువుకున్న ఇళ్లు. ఇలాంటి చోట ఓల్గా గారి ‘విముక్త’ అమ్మడం మాటలు కాదు. దానికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని చెప్పినా సరే, చేతిలోకి తీసుకున్నాక మొదటి ప్రశ్న ఒకటే... “సీతమ్మను ఏమన్నా అన్నరా ఇండ్ల?”

“ఏమీ అనలేదమ్మా. సీతమ్మతోటి కూసొని మాట్లాడిన్రు” అంటాను.

నిజంగా అంతే. అడవిలో పిల్లలతో ఉన్న సీత శూర్పణఖను కలుస్తుంది. అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. మగవాళ్ల గొడవల్లో నలిగిన ఆడవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో ఆ కథలు. చివరి కథ రాముడి వైపు నుంచి కూడా ఆలోచిస్తుంది. రామాయణం బాగా తెలిసినవాళ్లకే ఈ పుస్తకం ఎక్కువ అందుతుందని నా అభిప్రాయం. రోజూ పారాయణం చేసే ఒక పెద్దమ్మ రెండు రోజుల్లో చదివేసి తెచ్చిచ్చింది. మన ఆడవాళ్లు పాడుకునే ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట ఉంది కదా, అది ఆమెకు కంఠతా వచ్చు. “పద్నాలుగేండ్లు పండుకున్నదని పాడుకుంటనే ఉన్నం గని బిడ్డా, ఎందుకు పండుకున్నదో ఒక్కరన్న అడిగినమా?” అంది. నేను ఆ పుస్తకం గురించి పత్రికల్లో చదివిన వాటన్నిటికంటే ఆ మాటే బాగుంది.

అందరిళ్లలో అలా జరగదు. ఒకాయన ఈ పుస్తకాన్నే తెచ్చి బల్ల మీద పెట్టి, “మా ఇంట్లకు ఇసొంటివి పంపకమ్మా, డబ్బులు వాపసియ్యి” అన్నాడు. ఇచ్చేశాను. గొడవ పెట్టుకుంటే ఆ ఇంటి మనిషి మళ్లీ మా మెట్లెక్కదు. ఆవిడ నెల తర్వాత పిల్లాడికి గ్రాఫు పుస్తకం కోసం వచ్చింది. మిగిలిన రెండు కథలూ నా స్టూలు మీదే కూర్చుని చదివి వెళ్లింది.

ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా నేనొక పాత పుస్తకం చూపిస్తాను. ‘అబల జీవితం’. మరాఠీలో హరి నారాయణ ఆప్టే నూట ముప్పై ఏళ్ల కిందట రాసిన నవల. మరాఠీ పేరుకు ‘కానీ పట్టించుకునేదెవరు?’ అని అర్థం చెప్పుకోవచ్చు. చిన్నతనంలో పెళ్లయి, భర్త పోయాక తల గొరిగించబడిన ఒక బ్రాహ్మణ యువతి తన కథ తానే చెప్పుకుంటుంది. దాన్ని తెలుగులోకి తెచ్చింది ఎవరనుకున్నారు? పి.వి. నరసింహారావు గారు! 1957 నుంచి 1977 దాకా మా మంథనికి ఎమ్మెల్యే. ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి చేశారని అందరికీ తెలుసు. ప్రధాని అయ్యారని తెలుసు. ఊళ్లో ఆయన ఫోటో లేని ఆఫీసు ఉండదు. కానీ ఆడవాళ్ల గోడు చెప్పే ఇంత పెద్ద నవలను కూర్చుని అనువదించారని చెబితే నమ్మరు. పేరు చూపించాల్సిందే. ఆ కాపీ అమ్మను, చదువుకుని ఇచ్చేయమంటాను.

బొగ్గుబాయి దారిలో

గోదావరిఖని మాకు దగ్గరే. మంథని చుట్టుపక్కల ఊళ్లలో సింగరేణి ఉద్యోగం లేని చుట్టరికం ఉండదు. అలాగే ‘అన్నలు’ అనే మాట తెలియని ఇల్లూ ఉండదు. ‘కొలిమంటుకున్నది’ రాసిన అల్లం రాజయ్య గారు పక్కనున్న గాజులపల్లి బిడ్డే. 1980లో పీపుల్స్‌వార్ పార్టీ పెట్టిన కొండపల్లి సీతారామయ్య పేరు ఇక్కడ ఓ వయసు దాటినవాళ్లకు ఎవరినడిగినా తెలుసు. ఆయన భార్య పేరు అడిగి చూడండి!

ఆవిడ కొండపల్లి కోటేశ్వరమ్మ. ‘నిర్జన వారధి’ ఆమె ఆత్మకథ. తొంభై దాటాక, 2012లో వచ్చింది. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఊహ తెలియకముందే వైధవ్యం. సంఘాన్ని ఎదిరించి రెండో పెళ్లి. పార్టీ కోసం అజ్ఞాతవాసం. ఆ తర్వాత భర్త వదిలేశాడు. ముప్పై దాటాక మళ్లీ చదువుకుని కాకినాడలో హాస్టలు మేట్రనుగా బతికింది. కొడుకు ఉద్యమంలో మాయమయ్యాడు, కూతురూ దక్కలేదు. ఇంత దుఃఖం ఉన్న పుస్తకంలో ఎక్కడా ఏడుపుగొట్టు వాక్యం ఉండదు. ఎవరినీ తిట్టదు, ఎవరికీ మాఫీ కూడా చెయ్యదు. ఆమె 2018లో వందేళ్లు నిండాక కన్నుమూసింది. ఈ పుస్తకాన్ని నేను ఎక్కువగా ఎవరికిస్తానంటే... కొడుకులు ఎదురు కాల్పుల్లో పోయిన తల్లులున్నారు మా వైపు. చదువు రానివాళ్లకు మనవరాళ్లు చదివి వినిపిస్తారు. ఒక తల్లి విన్నాక ఏమీ అనలేదు. పుస్తకం మాత్రం వాపసు ఇవ్వలేదు, డబ్బులిచ్చి ఉంచుకుంది.

దానికి తోడుగా ‘మనకు తెలియని మన చరిత్ర’ చదవాలి. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ పోయి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి 1986లో వేశారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, దళంలో ఉండగా పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ... పోరాటం ముగిశాక వీళ్లను “ఇక ఇండ్లకు పొండ్రి” అన్నారు. ఆ ఒక్క ముక్క చుట్టూ ఎంత నిశ్శబ్దం ఉందో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. స్వరాజ్యం గారి పూర్తి కథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో విడిగా వచ్చింది.

ఖని నుంచి వచ్చే ఆడవాళ్లకు నేను వెతికి ఇచ్చేది మాత్రం ‘మా కథ’. బొలీవియా అనే దేశంలో తగరం గనిలో పనిచేసే కార్మికుడి భార్య దొమితిలా చుంగారా చెప్పిన కథ. ఏడుగురు పిల్లలు. తెల్లారకముందే లేచి, అమ్మడానికి పిండివంటలు చేసి, పిల్లల్ని బడికి పంపి, మిగిలిన పొద్దు గని కార్మికుల భార్యల సంఘంలో పని. 1975లో అంతర్జాతీయ మహిళా సంవత్సరానికి మెక్సికో పిలిస్తే పోయి, అక్కడి పెద్దింటి ఆడవాళ్లతో ‘మీ కష్టాలూ మా కష్టాలూ ఒకటేనా?’ అన్నట్టుగా నిలదీసి వచ్చింది. “మూడో షిఫ్టు పోయినాయన ఇంటికొచ్చేదాక గుండె గుప్పిట్ల పెట్టుకునుడు ఆమెకు సుత ఉన్నదా?” అని అడిగింది గోదావరిఖని ఆవిడ ఒకరు. ఉంది మరి!

మా మాటనే రాసిన్రు

2023 డిసెంబరు నుంచి బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కదా, పల్లెల నుంచి ఒంటరిగా ఊళ్లోకి వచ్చేవాళ్లు నా కళ్లముందే పెరిగారు. కూలికి పోయేవాళ్ల పిల్లలు, డిగ్రీ చదివే అమ్మాయిలు. వీళ్లకు ఓల్గా కంటే ముందు జూపాక సుభద్ర, గోగు శ్యామల కథలు ఇస్తాను. ‘రాయక్క మాన్యం’ సుభద్ర గారిది. ‘ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్ట తల్లి నయం’ శ్యామల గారిది. ఇద్దరూ కలిసి మాదిగ ఆడవాళ్ల కథల్ని ‘నల్లరేగటిసాల్లు’గా 2006లో తెచ్చారు. అంతకుముందే 2003లో దళిత స్త్రీల రచనలన్నీ పోగుచేసి శ్యామల గారు ‘నల్లపొద్దు’ వేశారు. ఇంట్లో వంట చెయ్యడమే బానిసత్వం అని ఒకరు రాస్తే, ఇంట్లో వండుకునేంత తీరిక, తిండీ ఎక్కడివని ఇంకొకరు అడుగుతారు. రెండూ చదివితేనే బొమ్మ పూర్తవుతుంది. ఒక టీచరమ్మ మాత్రం “భాష బాగాలేదండీ, పిల్లలకు తప్పులొస్తాయి” అన్నారు. ఆ పక్కనే నిలబడి పేజీలు తిప్పుతున్న డిగ్రీ పిల్ల, “మేడం, గిది మా మాటనే” అంది.

ఇంజనీరింగు కాలేజీ పిల్లలకైతే కొత్తవి కావాలి. వాళ్లకు ఎండ్లూరి మానస ‘మిళింద’ (2020లో అకాడమీ యువ పురస్కారం), తానా బహుమతి పొందిన మల్లీశ్వరి నవల ‘నీల’. ఇక ‘ఒక హిజ్రా ఆత్మకథ’. తమిళంలో రేవతి రాసుకున్నదాన్ని సత్యవతి గారు తెలుగు చేశారు. దానికి అనువాద బహుమతి వచ్చింది. అట్ట చూసి నవ్వుకుంటూ తీసుకుపోయే పిల్లలు తిరిగి ఇచ్చేటప్పుడు నవ్వరు.

ఒక్క పుస్తకం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ‘సవాలక్ష సందేహాలు’. ఆడవాళ్ల ఒంటి గురించి, బొమ్మలతో సహా, సిగ్గు పడకుండా, భయపెట్టకుండా హైదరాబాదు మహిళలు రాసిన పుస్తకం. పాతదే. మందుల పేర్లు అవీ మారి ఉంటాయి, ఆ సంగతి డాక్టరునే అడగమని చెప్పి ఇస్తాను. నా దగ్గర ఇది ఎందుకు ఆగదో చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, మన తెలంగాణలో ఎనిమిదిమంది! తెల్లబట్ట అయినా, నెలసరి ఎక్కువైనా, నడుంనొప్పి అయినా “తీసేస్తే పీడ పోతది” అనే మాటే.

పోయినేడు ముప్పై నాలుగేళ్ల ఒకావిడ వచ్చింది. ఇద్దరు పిల్లలు. ఆపరేషన్ తేదీ కూడా ఇచ్చేశారు. ఏ ఆసుపత్రో నేను అడగలేదు. పుస్తెలతాడు కుదువ పెట్టడానికి ఊళ్లోకొచ్చి, కూతురికి పెన్నులు కొనడానికి మా దగ్గర ఆగింది. “తీస్తే ఏమైతదక్కా?” అని అడిగింది నన్ను! నేనేమైనా డాక్టరునా? ఆ పుస్తకం తీసి ఆ భాగం దగ్గర కాయితం పెట్టి ఇచ్చాను. పదో తరగతి చదివే కూతురు రాత్రి చదివి వినిపించిందట. మూడో రోజు వచ్చి, నోటుబుక్కు కాయితం మీద పిల్ల చేతిరాతతో ఉన్న మూడు ప్రశ్నలు చూపించింది. ఆపరేషన్ కాకుండా ముందు వాడి చూడాల్సిన మందులున్నాయా? గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తారా? తీస్తే ఎముకలకు ఏమవుతుంది? ఆ కాయితం పట్టుకుని కరీంనగర్ పోయి ఇంకో డాక్టరమ్మకు చూపించుకుంది. మందులు వాడుతోంది. ఆపరేషన్ ఇప్పటికైతే వాయిదా పడింది. తాడు మెడలోనే ఉంది.

ఇక డబ్బు సంగతి. ఇలాంటి పుస్తకాలు తెలుగులో వెయ్యి కాపీలు వేస్తే ఎక్కువ. అయిపోతే మళ్లీ అచ్చయ్యేసరికి ఏళ్లు పడుతుంది. నాలాంటివాళ్లు పదీ ఇరవై కాపీలు ముందే డబ్బు కట్టి, ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవాలి. చదివేవాళ్లకూ రెండువందలంటే మాటలు కాదు. అందుకని పొదుపు సంఘం ఆడవాళ్లు ఒక ఉపాయం పట్టారు. ఐదుగురు తలా నలభై వేసుకుని నెలకో పుస్తకం. ఒకరింట్లో ఆరు రోజులు. చివరి ఆరు రోజుల వంతు వచ్చినామెకే పుస్తకం సొంతం. నెలనెలా వంతు మారుతుంది. ఈ నెల వాళ్లు రాసి పంపిన చీటీ ఇప్పుడే చూశాను. ‘సవాలక్ష సందేహాలు ఇంకోటి’ అని ఉంది. ‘కోటేశ్వరమ్మది’ అని ఉంది. ‘యద్దనపూడిది ఏదన్న ఒకటి’ అని ఉంది. అట్టలు మాత్రం వద్దట, దండగట.